కిటికీ కింది వరస

ఆకులకేం, నిగనిగలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి బోల్తా కొట్టించింది ఆ నిగనిగే. పెరటి మెట్టు మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని చూస్తోంది ఆవిడ, ఎదురుగా గోడ వారన పసుపుపచ్చ చామంతులు, వాటి పక్కన ముదురెరుపువి, అన్నీ ఒంటినిండా మొగ్గలేసుకుని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఇటు వెనక గది కిటికీ కింద తెల్ల చామంతుల వరస మాత్రం మోకాలెత్తు పెరిగి, ఆకు మీద ఆకు వేసి, చివర్న ఏముందా అని చూస్తే మళ్ళీ ఆకే. మొగ్గ లేదు. వేసే ఉద్దేశం కూడా ఉన్నట్టు లేదు. ఎందుకు లేదో మధ్యాహ్నం దాకా తెలీలేదు, ఇప్పుడు తెలిసింది, తెలిశాక వచ్చి ఈ మెట్టు మీద కూర్చుంది, ఇక లేవాలని లేదు. పొయ్యి వెలిగించలేదు. ఆరేసిన బట్టలు తియ్యలేదు. పొద్దు వాలుతోంది, గోడ నీడ కుండీల దాకా పాకింది, ఇంకాసేపట్లో ఆయన వాచీల దుకాణం కట్టేసి వస్తాడు, వచ్చి చెప్పులు విప్పి, వాటిని కూడా గడియారం ముళ్ళలా సరిచేసి పెట్టి, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కుంటాడు. రానీ.

నర్సరీ ఆయన్ని ఆవిడే పిలుచుకొచ్చింది. బేకరీలో పొద్దుటి పని ముగించుకుని వస్తూ, ఒంటి మీద పిండైనా దులుపుకోకుండా ఆయన కొట్టు ముందు ఆగి, ఒక్కసారి వచ్చి చూసి పొండి, నా చెయ్యి పాడైపోయిందో ఏమిటో అంది. నిజంగానే అలా అనుకుంది. తలలు తుంచడం ఆలస్యం చేశానా, ఎరువు ఎక్కువై ఆకు బలిసిందా, కుండీలో వేళ్ళు ఇరుకైపోయాయా అని తప్పంతా తన మీదే వేసుకుంది, ఎరువు తగ్గించింది, భయపడి మళ్ళీ పెంచింది, పేనుబంకేమోనని ఒక్కో ఆకూ వెనక్కి తిప్పి కళ్ళజోడు పెట్టుకుని చూసింది, పురుగు లేకపోయినా సబ్బునీళ్ళు కొట్టింది. ఆయన వచ్చి మొక్కల వంక ఒక చూపు చూసి, తలెత్తి కిటికీ వంక చూశాడు.

"రాత్రిపూట ఈ గదిలో లైటు వేస్తారామ్మా?"

"లేదండీ. ఆ గది మూసే ఉంటుంది."

"మరి సందులో లైటుందా?"

"లేదు."

"అయితే మీకు తెలీకుండా ఎవరో వేస్తున్నారు. ఇంకేం లేదు" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. తనకి తెలీని సంగతి చెప్పాడని కాదు, తెలిసిన సంగతి చెప్పాడని. చామంతికి పొడుగాటి రాత్రి కావాలని, మధ్యలో దీపం పడితే ఇంకా పగలే అనుకుని ఆకులు వేసుకుంటూ పోతుందని, ఈ వీధిలో సగం మందికి ఆవిడే చెప్పింది. అన్ని తప్పులూ వెతికి ఈ ఒక్కటీ వెతకలేదంటే కారణం ఒకటే, ఈ ఇంట్లో అది జరగదు. ఇల్లు తగలబడితే తగలబడుతుందేమోగానీ ఈ ఇంట్లో పగలు కురచయ్యే రోజుల్లో పెరటి వైపు దీపం వెలగదు.

వెలగదు అంటే వెలగదు, పిల్ల నడక నేర్చుకోకముందు నుంచీ అదే పద్ధతి. రాత్రిళ్ళు పొడుగు మొదలవగానే వంటింటి లైటు తొందరగా ఆర్పేసేవాళ్ళు, పెరట్లోకి వెళ్ళాలంటే గోడ తడుముకుంటూ వెళ్ళేవాళ్ళు, ఆయన ఏటా ఒక్కసారైనా ఇదే మెట్టుకి బొటనవేలు తన్నుకుని, నీ పువ్వులకి నా వేలు బలి అని అరిచేవాడు, అరిచినా స్విచ్చి మీద చెయ్యి వేసేవాడు కాదు. చుట్టాలొస్తే ముందుగానే హెచ్చరిక. ఒకసారి ఆయన పెదనాన్న కొడుకు వచ్చి, తెలీక పెరటి లైటు వేస్తే, పిల్ల, అప్పటికి ఇంకా చిన్నదే, సన్నగా పొడుగ్గా సూదిలా ఉండేది, అందుకే సూది అని పిలిచేవాళ్ళు, ఆ సూది వెళ్ళి ఆ వచ్చినాయన మోకాళ్ళ మీద గుద్దుతూ ఆర్పెయ్, ఆర్పెయ్, చామంతులు నిద్దరోతున్నాయి అని ఒకటే ఏడుపు. ఆయన నవ్వి ఆర్పేశాడు. ఈ ఇల్లు ఇల్లంతా గుడ్లగూబల సంసారంరా బాబూ అన్నాడు. ఆ తెల్ల చామంతికి పేరు పెట్టింది కూడా సూదే, రేకలు సన్నగా పొడుగ్గా, కొసలు వంకర్లు తిరిగి నానా దిక్కులకీ పోతుంటాయి కదా, చింపిరిజుట్టు అంది. అసలు పేరేదో ఉండే ఉంటుంది, నర్సరీ ఆయన చెప్పాడు కూడా, ఎవరికి గుర్తు. చింపిరిజుట్టే. ఏటా పిలకలు విడదీసి నాటేటప్పుడు ఆ మట్టిలో చేతులు పెట్టి సూది గోళ్ళనిండా మట్టి, అమ్మా ఇది బతుకుతుందా, ఇది బతుకుతుందా అని ఒక్కోదాని గురించీ అడిగేది, బతకనిదాన్ని కూడా పారెయ్యనిచ్చేది కాదు. పెద్దదయ్యాక కుట్టుమిషను కొనిపెడితే దాని మీద మొదట కుట్టింది గౌను కాదు, గలీబు కాదు, వెనక గది కిటికీకి నల్లటి పరదా, రెండు పొరలు వేసి, మధ్యలో కంబళి గుడ్డ పెట్టి, పిసరంత వెలుతురు కూడా బయటికి పోకుండా. ఇక నేను రాత్రిళ్ళు చదువుకోవచ్చు, కుట్టుకోవచ్చు, నీ చింపిరిజుట్టు హాయిగా గురక పెట్టుకోవచ్చు అంది. దీపం సంగతి తెలీక చేశారని ఎలా సరిపెట్టుకోవడం? ఆ తండ్రీకూతుళ్ళిద్దరికీ తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఆ ఇద్దరే. ఇంకో మనిషి కాదు. నర్సరీ ఆయన గేటు దాటాక ఆవిడ వెనక గది గొళ్ళెం తీసింది. ఎండాకాలంలో సూది ఇంట్లోంచి వెళ్ళిపోయింది మొదలు ఆ గదిలో అడుగు పెట్టలేదు, పెడితే ఏమవుతుందో తెలుసు గనక పెట్టలేదు, ఊడ్చడం కూడా ఆయనకే వదిలేసింది. దుమ్ము వాసన వస్తుందనుకుంది. మిషను నూనె వాసన వచ్చింది. కొత్త నూనె. మిషను మీద కప్పిన దుప్పటి మడతపెట్టి ఉంది, సూదిలో దారం ఎక్కించి ఉంది, నీలం దారం, పాదం కింద సగం కుట్టిన గౌను, పక్కన కుర్చీ, ఆ కుర్చీ ఈ గదిది కాదు, ముందు గదిది, విరిగిందని ఆయన పైన పడేశానన్న కుర్చీ. బల్ల మీద దుకాణంలో ఉండాల్సిన మెడవంపు లైటు. దాని కింద ఆయన కంటికి బిగించుకునే భూతద్దం. గుండీల సీసా. రెండు కప్పులు, అడుగున టీ ఇంకా తడిగానే ఉంది. ఆ గౌనుకి కుట్టిన గుండీలు తిప్పి చూసింది, దారం వెనకవైపు నాలుగు చుట్లు చుట్టి ముడి కనపడకుండా లోపలికి తోసేసి ఉంది, వాచీ తోలుపట్టీ కుట్టే మనిషి చెయ్యి అది, ఆవిడ కళ్ళు మూసుకుని కూడా పోల్చుకోగలదు. ఇక పరదా. పరదా చక్కగా కిందికి దింపే ఉంది. రోజూ బయటినుంచి నీళ్ళు పోస్తూ చూసేది అలాగే కదా. కానీ దండెం మీద ఉండాల్సిన బట్టల క్లిప్పులు పరదా కర్రకి వేలాడుతున్నాయి, బట్ట అంచు కుచ్చుపెట్టి బిగించినచోట ముడతలు పడిపోయింది. రాత్రి పైకి ఎత్తి క్లిప్పులు పెట్టడం, ఆవిడ లేచేలోపల మళ్ళీ దించి సర్దెయ్యడం. ఆయన దగ్గుకి గాలి ఆడాలి, గుడ్డపీచు పడదు, నిజమే. కిటికీ తెరుచుకోండి, దగ్గు తగ్గుతుంది అని ఏళ్ళ తరబడి పోరు పెట్టింది ఆవిడే. ఇన్నాళ్ళకి విన్నాడు మహానుభావుడు.

దొంగలు పడితే ఇంత బాధ ఉండేది కాదు. దొంగ అయితే దుప్పటి మడతపెట్టడు.

అసలు గొడవ ఎవరెవరికి? అదీ అడగాలి. గొడవ ఆవిడకీ సూదికీ కాదు. సూదికీ వాళ్ళ నాన్నకీ. ఆఫీసులో కుర్చీ ఉద్యోగం మానేసి కుట్టుపని పెట్టుకుంటానంది పిల్ల, ఆయన ఒంటికాలి మీద లేచాడు. రోజంతా వాచీల టిక్కుటిక్కు విని వచ్చిన మనిషికి ఇంట్లో మిషను చప్పుడు పడదట. కుట్టుకోవాలంటే ఇంకెక్కడైనా పోయి కుట్టుకో అన్నాడు, పోయి అన్న మాట గట్టిగా అన్నాడు, పిల్ల నిజంగానే పోయింది, బట్టలు ఒక సంచిలో కుక్కుకుని, స్నేహితురాలి గదికి, మిషనుకి అక్కడ చోటు లేక వదిలేసి. ఆవేళ గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఎవరు? దాని చెయ్యి పట్టుకుని వీధి మలుపు దాకా ఏడుస్తూ నడిచింది ఎవరు? తిరిగొచ్చి ఆయనతో, మీ నోటితో మీరు దాన్ని రమ్మనేదాకా నేను మీతో మాట్లాడను అని చెప్పి, చెప్పిన మాట మీద నిలబడింది ఎవరు? ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. ఇన్నేళ్ళ సంసారంలో మాట్లాడకుండా ఉండటం అంటే మాటలా. ఉప్పు తక్కువైందా అని అడగాలనిపించేది, నోరు నొక్కుకునేది. కంచం పెట్టి బల్ల మీద వేలితో కొట్టేది. చెప్పాల్సిందేమన్నా ఉంటే చామంతులతో చెప్పేది, ఆయనకి వినపడేలా, ఏమే పచ్చదానా, పంపు కారుతోంది, బాగు చేయించేవాళ్ళెవరైనా ఉన్నారా ఈ ఇంట్లో అని. మర్నాటికి పంపు బాగయ్యేది. ముందు గదిలోకి మంచం మార్చుకుంది. ఇలాంటప్పుడు మనిషికి ఒక బలం ఉంటుంది, నా బిడ్డ కోసం నిలబడ్డాను అన్న బలం, దాంతోనే తెల్లవారకముందే లేచి బేకరీకి నడిచేది, ఆ వేడి పొయ్యిల ముందు నిలబడి, ఆయన ఒక్కడూ బల్ల ముందు కూర్చుని తింటుంటే జాలి వేసినప్పుడల్లా సూది సంచి గుర్తు తెచ్చుకుని మనసు గట్టి చేసుకునేది. ఆ జాలి కూడా దండగే. ఆయన ఒక్కడూ ఎక్కడున్నాడు? రాత్రి భోజనం రెండోసారి కూతురితో కలిసి తినేవాడేమో. అవును మరి, గిన్నెలో మిగిలింది పొద్దునకి ఉండేది కాదు, ఆకలి పెరిగింది ఈయనకి, పోనీలే అనుకుంది. పోనీలే అనుకుని ఇంకాస్త ఎక్కువ వండటం మొదలుపెట్టింది. ఆ వంట తిన్నది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది, బాగుందనో బాగా లేదనో ఒక్క మాట కూడా ఆవిడ దాకా రాలేదు.

ఒక్కోటీ ఇప్పుడు వెనక్కి తిరిగి వేరే ముఖం చూపిస్తోంది. ఆవిడ మాట్లాడకపోయినా ఆయన మాట్లాడేవాడు, అదీ మెత్తగా, పొద్దున్నే లేవాలిగా, వెళ్ళి పడుకో, గిన్నెలు నేను కడుగుతాలే. ఎంత మారిపోయాడు, తప్పు తెలుసుకున్నాడు కాబోలు, నోరు విప్పి చెప్పలేక గిన్నెలు కడుగుతున్నాడు అనుకుని, ఒకటి రెండు రాత్రులు మెత్తబడిపోయి మాట్లాడేద్దామా అని కూడా అనుకుంది. ముందు గదిలో కుక్కల గోల పడలేకపోతుంటే దూది కట్ట తెచ్చిందెవరు? ఆయనే. మందుల షాపు నుంచి, అడక్కుండా, దిండు పక్కన పెట్టి, చెవుల్లో పెట్టుకో, హాయిగా నిద్రపడుతుంది అన్నాడు. పెట్టుకుంది. పిచ్చిది, రోజూ పెట్టుకుంది, ఆ దూది పెట్టుకుంటుంటే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, ఇంకా నా మీద శ్రద్ధ ఉందీ మనిషికి అని. కుక్కలు కాదు, మిషను వినపడకూడదని. గాఢంగా నిద్రపోయేది. తెల్లారకముందు లేచే మనిషి, దీపాలు పెట్టే వేళకే కళ్ళు మూతలు పడే మనిషి, చెవుల్లో దూదితో, గోడకి ఇవతల. అవతల కన్నకూతురు. ఎన్ని గుండీలు పట్టాయో ఆ గౌన్లకి, ఎన్ని కబుర్లు చెప్పుకున్నారో, ఏం నవ్వుకున్నారో, నవ్వేటప్పుడు ఎవరైనా నోటి మీద వేలు పెట్టుకుని ఉష్ అన్నారా, ఉష్ అని ఇంకా నవ్వుకున్నారా? అక్కడికి వచ్చేసరికి ఆవిడకి ఊపిరి అందదు. మిగతావన్నీ ఎలాగో మింగగలదు. ఆ ఉష్ మింగుడు పడదు.

ఫోను చేస్తే ఏమనేది సూది? పనిలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా. బాగానే తింటున్నానమ్మా. ఇప్పుడు కాదమ్మా, చూద్దాం. అంతే. ఒక్కో మాటనీ దారం కొరికినట్టు తుంచేసేది. ఎప్పుడొస్తావే అని అడిగితే నిట్టూర్పు. తండ్రి మీద కోపం తన మీద చూపిస్తోందిలే, చూపించనీ, ఇంకెవరి మీద చూపిస్తుంది అనుకుంది. అనుకునే ఈ ఏడు చింపిరిజుట్టు పిలకలన్నీ తీసి, బలమైనవి ఏరి, అన్నిటికన్నా మంచి చోటు, పొద్దుటెండ పడే చోటు, సూది గది కిటికీ కిందే పెట్టింది. తలలు తుంచింది, ఊతకర్రలు కట్టింది, నీళ్ళు ఆకు మీద పడకుండా మొదట్లోనే పోసింది, ఆకు తడిస్తే మచ్చ వస్తుందని. పెద్ద పువ్వు రావాలంటే పక్క మొగ్గలు గిల్లేసి ఒక్కటి ఉంచాలి, ఆ గిల్లడం కోసం గోళ్ళు కూడా పెంచుకుంది, బేకరీలో సూపర్వైజరు తిట్టినా. ఉపాయం అంతా సిద్ధం చేసుకుంది. మొదటి పువ్వు విచ్చుకోగానే ఆ కుండీ చంకనెత్తుకుని బస్సెక్కి స్నేహితురాలి గదికి వెళ్ళడం, తలుపు కొట్టడం, పువ్వు ముందు పెట్టి, ఇదిగో నీ చింపిరిజుట్టు, ఇది ఇక్కడ బతకదు, పద ఇంటికి అనడం. ఊరికే వెళ్తే సూది చిరాకు పడుతుంది, పువ్వుతో వెళ్తే నవ్వుతుంది. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు అనుకుందో, పిండి ముద్దలు తూకం వేస్తూ, బేకరీ నుంచి నడిచొస్తూ, నిద్రపోయే ముందు. పద ఇంటికి. ఆ మాట వినాల్సిన మనిషి రోజూ ఇంటికి వస్తూనే ఉంది. ఆ వెలుతురులోనే కూర్చుని కుట్టుకుంటూనే ఉంది. కిటికీలోంచి తల వంచితే ఆ కుండీలు కనపడతాయి, ఎవరి కోసం పెట్టారో తెలుస్తుంది, పరదా తీస్తే ఏమవుతుందో తెలుస్తుంది. తెలిసే తీశారు. నాన్నా, అమ్మ మొక్కలు, అని ఒక్కసారైనా అందా? అనే ఉంటుంది. ఏదోలే, ఒక వరసే కదా అని ఉంటాడు ఈయన. ఒక వరసే మరి. గోడ పక్కవన్నీ పూస్తున్నాయిగా.

ఈ రాత్రి నుంచి చీకటిగా ఉంచితే ఆలస్యంగానైనా మొగ్గ వేస్తాయట, చలి ముదిరాక, చిన్నచిన్న పువ్వులు. నర్సరీ ఆయన ఓదార్పుగా చెప్పాడు. ఆవిడకి వినాలనిపించలేదు. ముందు గేటు చప్పుడైంది. చెప్పులు. ఒకటి, దాని పక్కన రెండోది. పంపు. లోపల వెతుక్కుంటూ తిరిగిన అడుగులు, వంటింట్లో ఆగి, పొయ్యి చల్లగా ఉండటం చూసి కాబోలు, తొందరగా ఇటు వచ్చాయి.

"ఇక్కడున్నావా" అన్నాడాయన వెనకనుంచి. "ఒంట్లో బాలేదా? ఇంకా పడుకోలేదేం?"

ఒక్క అవకాశం ఇద్దామనుకుంది. అంత కోపంలోనూ, తనమీద తనకే చిరాకు వేస్తున్నా, ఇద్దామనే అనుకుంది. ఎండాకాలం తర్వాత మొదటిసారి ఆయనతో నేరుగా మాట్లాడింది, గొంతు బొంగురుగా వచ్చింది.

"సూది సంగతేమైనా తెలిసిందా?"

ఆవిడ మాట్లాడినందుకే ఆయన గతుక్కుమన్నాడు. సంతోషం కూడా కనపడింది ముఖంలో, అదొక్కటీ నిజం. "ఎక్కడ? ఫోను కూడా చెయ్యదుగా నాకు" అన్నాడు. తడబడకుండా, మెత్తగా. "దిగులు పెట్టుకోకు. పొద్దున్నే లేవాలి, వెళ్ళి పడుకో."

"గౌనుకి గుండీలు బాగా కుట్టారు" అంది ఆవిడ.

ఆయన మెల్లిగా వచ్చి మెట్టుకి ఆ చివర కూర్చున్నాడు, దగ్గు వచ్చింది, ఆపుకున్నాడు.

"అదే వచ్చింది" అన్నాడు చివరికి. "ఒకరోజు రాత్రి సందువైపు గేటు తీసుకుని, మిషను పట్టుకుపోదామని. మొయ్యలేకపోయింది. నేను చూశాను. ఇక్కడే కుట్టుకోవే అన్నాను. అంతకన్నా ఏమనలేదు, అదీ ఏమనలేదు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"నువ్వు నాతో మాట్లాడట్లేదుగా. ఎలా చెప్పను?"

ఆవిడకి నవ్వు వచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. దాని కోసమే మాట్లాడటం మానేసింది, మానేసింది గనక దాని సంగతి చెప్పలేదు. ఈ తెలివంతా వాచీల్లో పెడితే ఎక్కడో ఉండేవాడు.

"అది కాదు" అంది. "నిజం చెప్పండి."

ఆయన వేళ్ళు విరుచుకున్నాడు. "అదే వద్దంది. అమ్మకి చెప్పావంటే మళ్ళీ రాను అంది. నీకు తెలిస్తే ఏడుస్తావట, చెయ్యి పట్టుకుంటావట, ఉండిపో ఉండిపో అని ప్రాణం తీస్తావట. నేనయితే ఏమీ అడగను కదా. వస్తుంది, కుట్టుకుంటుంది, పోతుంది. దానికి ఊపిరాడుతుందట."

పో అన్నవాడి దగ్గర ఊపిరాడుతుంది. గుమ్మానికి అడ్డం నిలబడ్డదాని దగ్గర ఆడదు. ఆవిడ ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసింది, ఎక్కడైనా ఆయన కల్పించిన ముక్క ఉందేమోనని. లేదు. ప్రాణం తీస్తావట అన్నది సూది మాటే, ఆ దీర్ఘం కూడా సూదిదే. ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్కతే ఒక యుద్ధం చేస్తోంది, అటువైపు వాళ్ళూ ఇటువైపు వాళ్ళూ ఎప్పుడో కలిసిపోయి గుండీలు కుట్టుకుంటున్నారు, ఆవిడ మాత్రం కాపలా కాస్తూ నిలబడి ఉంది. చాలా అవమానంగా ఉంది. కోపం కన్నా అదే ఎక్కువగా ఉంది. చీకటి పడుతోంది, పసుపుపచ్చవి కూడా ఇప్పుడు బూడిదరంగులోకి తిరిగాయి, చలిగాలి మెడ మీద తగిలి ఒళ్ళు జలదరించింది. ఆయన తన కోటు విప్పి ఆవిడ భుజాల మీద కప్పాడు. విసిరి కొట్టాలనిపించింది. చలిగా ఉంది, ఉంచుకుంది.

"రోజూ ఎక్కడ కూర్చుంటారు, అది వచ్చేదాకా?"

"ఇక్కడే. నువ్వు కూర్చున్నచోటే."

"ఇవాళ నేను కూర్చుంటాను. మీరెళ్ళి పడుకోండి."

"దానికి ఫోను చేసి చెప్తానే ముందు. ఉలిక్కిపడుతుంది."

"వద్దు. మీరు వెళ్ళండి."

ఆయన ఇంకేదో అనబోయి, ఆవిడ ముఖం చూసి, లేచి లోపలికి వెళ్ళాడు. మంచం కిర్రుమంది, దగ్గు, మళ్ళీ దగ్గు. ఆవిడ కోటు దగ్గరికి లాక్కుంది. పారిపోతుందా అది, నన్ను చూసి? పారిపోతే ఈ ఇంటికి ఇక రాదు, రాత్రిళ్ళు కూడా రాదు, ఇప్పుడు వస్తున్నదీ పోతుంది. తెలీనట్టు ఉండిపోతే? దూది పెట్టుకుని, ముందు గదిలో, అది వస్తోందని తెలిసి, ఇన్నాళ్ళూ తెలీక పడుకున్నట్టే తెలిసి పడుకుంటే? చెయ్యగలదా? ఒక నిమిషం చెయ్యగలననే అనిపించింది, లేవబోయింది కూడా. మళ్ళీ కూర్చుండిపోయింది. ఎన్ని మాటలు దాచుకుంది దీనికోసం. ఏం తిన్నావే. చిక్కిపోయావా. నీ గదిలో మంచం ఉందా, కిందే పడుకుంటున్నావా. నేనేం చేశానే నీకు. చేసిందేమైనా ఉంటే చెప్పు, నాన్నతో కాదు, నాతో చెప్పు.

సందులో చెప్పుల చప్పుడు వినిపించింది. వేగంగా, అలవాటైన చోటికి వచ్చే నడక, మధ్యలో ఏదో పాట కూనిరాగం. ఇంట్లోంచి వెళ్ళిన రోజు సంచి మోస్తూ నడిచిన నడక కాదిది. సంతోషంగా వస్తోంది. పెరటి గేటు తెరుచుకుంది. గేటు దగ్గర సన్నగా పొడుగ్గా ఆగిన ఆకారం, చంకలో గుడ్డల మూట. చీకట్లో మెట్టు మీద నాన్న కోటు వంక చూసి, ఒంగి, నవ్వాపుకుంటూ గుసగుసగా అడిగింది.

"పడుకుందా?"

సూది వెళ్ళినప్పటినుంచి ఆవిడ ఆ గొంతులో ఆ నవ్వు వినాలని ఎంత తపించిపోయిందో. వినపడింది. అది తను నిద్రపోయి ఉంటుందన్న నవ్వు.

"పడుకోలేదు" అంది. గేటు దగ్గర మూట జారింది, పట్టుకుంది సూది, అడుగు వెనక్కి పడింది. ఆవిడ లేవలేదు, చెయ్యి చాపలేదు, మెట్టు అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "వెళ్ళిపోకు. లోపలికెళ్ళి నీ పని చూసుకో. నేను ఉండమని అడగను."